రామోజీరావు: అచ్చు యంత్రం నుంచి మన ఫోన్ స్క్రీన్ దాకా ఒక చైర్మన్ ప్రయాణం

రోజూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల రివ్యూలే రాస్తున్నా, మధ్యలో ఒకసారి వాటి వెనకున్న మనుషుల గురించి కూడా రాయమని చాలామంది అడుగుతున్నారు. శామ్‌సంగ్ దివంగత చైర్మన్ లీ కున్-హీ గురించి రాయమన్నవాళ్లే ఎక్కువ. ఆయన కథ నిజంగానే బాగుంటుంది. వాళ్ల నాన్న లీ బ్యుంగ్-చుల్ 1938లో ఎండుచేపలు, నూడుల్స్ వ్యాపారంగా మొదలుపెట్టిన కంపెనీ అది. 1987లో చైర్మన్ అయిన కున్-హీ, క్వాలిటీ బాగాలేదని 1995లో సుమారు లక్షన్నర ఫోన్లను, ఇతర పరికరాలను ఫ్యాక్టరీ ఆవరణలోనే తగలబెట్టించాడు.

సరే, అదే 1995లో మన దగ్గర ఏం జరిగింది? చిట్టీలు, పచ్చళ్లు, పేపర్ నడుపుతున్న ఒక తెలుగు వ్యాపారి శాటిలైట్ టీవీ ఛానెల్ పెట్టాడు. ఆ మనిషి పేరు చెరుకూరి రామోజీరావు. కొరియా చైర్మన్ గురించి ఇంటర్నెట్‌లో వంద వీడియోలు దొరుకుతాయి. మన చైర్మన్ గురించి దొరికేవి మాత్రం పొగడ్తలు, లేదంటే తిట్లు. రెండూ కాకుండా, ఒక ఫోన్‌ను రివ్యూ చేసినట్టు ప్లస్‌లు, మైనస్‌లు రెండూ పెట్టి చూద్దాం అనిపించింది. నేను రాసేది హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని కాదు. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో, సింగరేణి క్వార్టర్లో కూర్చుని రాస్తున్నా. కాబట్టి ఇక్కడి నుంచి ఆయన ఎలా కనిపించాడో కూడా చెప్తా.

క్విక్ లుక్

- పుట్టింది: 1936 నవంబరు 16, కృష్ణా జిల్లా పెదపారుపూడి
- మార్గదర్శి చిట్‌ఫండ్: 1962
- అన్నదాత మాసపత్రిక: 1969
- ఈనాడు: 1974 ఆగస్టు 10, విశాఖపట్నం
- ప్రియా ఫుడ్స్: 1980
- ఉషాకిరణ్ మూవీస్: 1983
- ఈటీవీ: 1995 ఆగస్టు 27
- రామోజీ ఫిల్మ్ సిటీ: 1996
- పద్మవిభూషణ్: 2016
- ఈటీవీ భారత్: 2019, 13 భాషల్లో
- కన్నుమూసింది: 2024 జూన్ 8, హైదరాబాద్

లిస్టు చూస్తే ఒకదానికొకటి సంబంధం లేని వ్యాపారాల్లా ఉన్నాయి కదా. దగ్గరగా చూస్తే అన్నిటిలోనూ కామన్‌గా ఒక విషయం ఉంది. కస్టమర్ ఎవరంటే నెల జీతంతోనో, పంట డబ్బుతోనో బతికే మామూలు తెలుగు కుటుంబం. వాళ్ల పొదుపు, వాళ్ల వార్త, వాళ్ల అన్నంలో పచ్చడి, వాళ్ల సాయంత్రం సీరియల్. ఒకే ఇంటికి పది రకాల సరుకు అమ్మడం అన్నమాట. ఈరోజు టెక్ కంపెనీలు ఎకోసిస్టమ్ అని గొప్పగా చెప్పుకునేది ఇదే. ఫోన్ కొన్నవాడికి వాచ్, వాచ్ కొన్నవాడికి టీవీ. ఈయన స్మార్ట్‌ఫోన్ పుట్టకముందే ఆ పని చేశాడు.

రైతు బిడ్డ, యాడ్ ఏజెన్సీ, చిట్టీ

వెంకట సుబ్బారావు, సుబ్బమ్మల కొడుకు. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో పెట్టిన పేరు రామయ్య. బడిలో చేరేటప్పుడు తనే రామోజీ అని రాయించుకున్నాడని చెప్తారు. గుడివాడలో బీఎస్సీ చదివి, ఢిల్లీ వెళ్లి ఒక అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో ఆర్టిస్టుగా పనిచేశాడు. తర్వాత హైదరాబాద్ వచ్చి 1962లో మార్గదర్శి పెట్టాడు.

ఇక్కడ ఆగాలి. ఎందుకంటే మిగతా సామ్రాజ్యమంతా దీని మీదే లేచింది. చిట్టీ లెక్క తెలియని కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్లకోసం సింపుల్‌గా చెప్తా.

ఇరవై మంది నెలకు 5,000 చొప్పున కట్టే చిట్టీ అనుకోండి. నెలకు పోగయ్యేది లక్ష. ఆ లక్ష ఈ నెల ఎవరికి అవసరమో వాళ్లు పాట పాడతారు. ఒకాయనకు బిడ్డ పెళ్లి ఉంది, 20,000 తగ్గించుకుని 80,000కే తీసుకుంటా అన్నాడు. ఆ 20,000లో నడిపేవాళ్ల కమీషన్ 5 శాతం, అంటే 5,000 పోతుంది. మిగిలిన 15,000 ఇరవై మందికి పంచితే తలా 750. కాబట్టి ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 4,250 మాత్రమే. అవసరం ఉన్నవాడికి బ్యాంకు మెట్లెక్కకుండా డబ్బు దొరికింది, ఆగినవాడికి లాభం వచ్చింది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టంలో కమీషన్ హద్దు 5 శాతం. 2019 సవరణలో దాన్ని 7 శాతానికి పెంచారు.

వినడానికి తేలికగానే ఉంటుంది. మొత్తం ఆట నమ్మకం మీద నడుస్తుంది. నడిపేవాడు పారిపోతే అందరూ మునుగుతారు. మా దగ్గర ప్రతి కాలనీలో ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. మా లైన్‌లో ఒకాయన ప్రైవేటుగా చిట్టీలు నడిపి, సగంలోనే ఒక రాత్రి ఇంటికి తాళం వేసి పోయాడు. మా బాపు అందులో పదకొండు నెలలు కట్టిండు. ప్లేడే చేసిన డబ్బులు కూడా అందులోనే పోయినయ్. ప్లేడే అంటే తెలియనివాళ్లకు: ఆదివారం సెలవు రోజున కూడా బాయి దిగితే వచ్చే అదనపు కూలి. అది పోగొట్టుకుంటే మామూలు డబ్బు పోయినట్టు ఉండదు, ఒంట్లో సత్తువ పోయినట్టు ఉంటుంది.

అలాంటి మార్కెట్లో, రసీదు ఇచ్చి, ఆఫీసు పెట్టి, చెప్పిన తేదీకి డబ్బు ఇచ్చే చిట్టీ కంపెనీ అంటే ఎంత పెద్ద ప్రొడక్టో ఆలోచించండి. రామోజీరావు అమ్మిన మొదటి సరుకు ఆ నమ్మకం.

ఈనాడు: స్పెక్స్ కాదు, డెలివరీ టైమ్

1974లో విశాఖలో ఈనాడు మొదలైనప్పుడు తెలుగులో పేరున్న పత్రికలు లేక కాదు. ఉన్నాయి, బలంగానే ఉన్నాయి. కానీ విజయవాడలో అచ్చయి విశాఖకు చేరేసరికి పొద్దెక్కేది. రామోజీరావు పట్టుకున్న లోపం అదే. అక్కడే అచ్చు వేసి, తెల్లవారేసరికి గుమ్మం ముందు వేశాడు. పాఠకుడు కాఫీ తాగే టైమ్‌కి పేపర్ చేతిలో ఉంది. ఫోన్ల భాషలో చెప్పాలంటే ఆయన గెలిచింది కెమెరా మెగాపిక్సెల్స్ మీద కాదు, స్పీడ్ మీద.

రెండోది భాష. ఈనాడు అన్న పేరే చూడండి, ఇంట్లో మాట్లాడుకునే మాట. లోపల వార్త కూడా అలాగే, చదువు తక్కువ ఉన్నవాడికీ అర్థమయ్యేలా చిన్న వాక్యాలు. మూడోది లోకల్. 1975 డిసెంబరులో హైదరాబాద్, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి ఎడిషన్లు వచ్చాయి. 1980ల చివరికల్లా జిల్లాకో చిన్న పేపర్ లోపల పెట్టడం మొదలైంది. మండలంలో బోరు చెడిపోయినా వార్తే, బడికి టీచర్ రాకపోయినా వార్తే. తన ఊరి పేరు అచ్చులో చూసుకున్నవాడు మర్నాడు పేపర్ కొనకుండా ఉంటాడా? ఇప్పుడు ఫోన్లో లొకేషన్ ఆన్ చేస్తే మీ ఊరి వార్తలు చూపిస్తామని యాప్‌లు అడుగుతున్నాయి కదా, ఆ ఐడియా వయసు ముప్ఫై ఏళ్ల పైనే.

శ్రీరాంపూర్‌లో దీనికి ఇంకో కోణం ఉంది. ఇక్కడ ఊరంతా షిఫ్టుల మీద బతుకుతుంది. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు పొద్దున్నే బాయి మీదికి పోవాలి. ఆర్‌కే బాయిలైనా, ఎస్సార్పీ బాయిలైనా, ముస్టర్ పడే టైమ్ ఎవరి కోసం ఆగదు. దానికి ముందు హోటల్లో చాయ తాగుతూ చదివేది జిల్లా పేజీనే. బోనస్ ఎంత, వేజ్‌బోర్డు ఎక్కడిదాకా వచ్చింది, వారసత్వ ఉద్యోగాల సంగతేంది. ఒకడు బయటికి చదివితే పదిమంది వింటారు. గ్రూప్ చాట్ అప్పుడు అలా ఉండేది.

ఇంకో మాట. పత్రిక కోసం జర్నలిజం స్కూలు పెట్టి, పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి తీసుకున్నారు. ఇవాళ తెలుగు న్యూస్ ఛానెళ్లలో, వెబ్‌సైట్లలో ఆ స్కూల్లో చదివినవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఛైర్మన్ రోజూ పేపర్ మొత్తం చదివి తప్పులకు గుర్తులు పెట్టేవాడని అక్కడ పనిచేసినవాళ్లు చెప్తారు. క్వాలిటీ కంట్రోల్ అన్నది బోర్డు మీటింగ్‌లో స్లైడ్‌లా కాకుండా రోజువారీ పనిలా ఉండేదన్నమాట.

పచ్చడి సీసా, సినిమా రీలు, 1,666 ఎకరాలు

1980లో ప్రియా పచ్చళ్లు. 1983లో ఉషాకిరణ్ మూవీస్. జంధ్యాల తీసిన శ్రీవారికి ప్రేమలేఖ, ఆ తర్వాత మయూరి, ప్రతిఘటన, 2000లో చిత్రం, నువ్వే కావాలి. పెద్ద హీరో లేకుండా, కథను, కొత్తవాళ్లను నమ్మి తీసిన సినిమాలే ఇందులో ఎక్కువ. మయూరిలో కాలు కోల్పోయిన డ్యాన్సర్ సుధా చంద్రన్ తన కథలో తనే నటించింది. 2001లో జూనియర్ ఎన్టీఆర్ హీరోగా వచ్చిన నిన్ను చూడాలని కూడా ఈ సంస్థదే. బడ్జెట్ ఫోన్‌లో మంచి ప్రాసెసర్ పెట్టి అమ్మినట్టు, హంగులకు కాకుండా లోపలి సరుకుకు ఖర్చు పెట్టే పద్ధతి.

1996లో ఫిల్మ్ సిటీ. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద పోతుంటే వస్తుంది, 1,666 ఎకరాలు. ప్రపంచంలోనే పెద్ద స్టూడియో కాంప్లెక్స్‌గా గిన్నిస్ రికార్డు. నిర్మాత స్క్రిప్టుతో లోపలికి పోతే పూర్తయిన సినిమాతో బయటికి రావచ్చు అన్నది దాని లెక్క. రైల్వే స్టేషన్, ఎయిర్‌పోర్టు, గుడి, వీధి అన్నీ సెట్లే. బాహుబలిలో మాహిష్మతి సెట్ వేసింది కూడా అక్కడే. ఖాళీగా ఉన్నప్పుడు అదే సెట్లను టికెట్ పెట్టి జనానికి చూపించడం రెండో ఆదాయం. ఒకే హార్డ్‌వేర్, రెండు రకాల వాడకం.

ఈటీవీ మా క్వార్టర్లకు వచ్చినప్పుడు

1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. దూరదర్శన్‌లో తెలుగు కోసం టైమ్ చూసుకుని కూర్చునే రోజులు పోయి, పొద్దంతా తెలుగు వచ్చింది. పొద్దున్నే అన్నదాత, సాయంత్రం సీరియళ్లు, 1996 నుంచి ఎస్పీ బాలు గారి పాడుతా తీయగా. మా కాలనీలో ఒక్క డిష్ నుంచి లైన్‌లన్నిటికీ కేబుల్ లాగేవాళ్లు. వైరు చెట్లమీదుగా, క్వార్టర్ల కప్పులమీదుగా వేలాడుతూ పోయేది. గాలివాన వస్తే మొత్తం వాడకు బొమ్మ పోయేది.

ఆ టీవీలో ఒక సంగతి మాత్రం మా ఇంట్లో అందరం గమనించేవాళ్లం. అందులో మాట్లాడేది మేం మాట్లాడే తెలుగు కాదు. మా యాస వినిపిస్తే అది పనిమనిషి పాత్రో, కామెడీ పాత్రో అయ్యేది. మా అవ్వ సీరియల్ చూసుకుంట, "గీళ్లు మనోళ్లు కాదుగని మంచిగనే చేస్తున్నరు బిడ్డా" అనేది. ఆ ఒక్క మాటలో ఇష్టమూ ఉంది, దూరమూ ఉంది. ఇది ఒక్క ఈటీవీ సంగతి కాదు, అప్పటి తెలుగు తెర అంతా అంతే. కానీ చైర్మన్ గురించి రాసేటప్పుడు, ఆయన కస్టమర్లలో సగం మందికి ఇది ఎలా ఉండేదో రాయకపోతే రివ్యూ సగమే అవుతుంది.

2003లో వార్తల కోసం ఈటీవీ2 వచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2014లో అదే ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణగా రెండు ఛానెళ్లయింది. 2013 ఫిబ్రవరిలో మొదలైన జబర్దస్త్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా ఏరియాలో ఆ షోను టీవీలో చూసినవాళ్లకన్నా యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా ఫోన్లో చూసినవాళ్లే ఎక్కువ. మార్పు అక్కడే మొదలైంది.

ఫోన్ చేతికొచ్చాక

కొత్త పాఠకులకు తెలియని ఒక తలనొప్పి గురించి చెప్పాలి. ఈనాడు వెబ్‌సైట్ తొలి రోజుల్లో యూనికోడ్‌లో ఉండేది కాదు, సొంత ఫాంట్‌తో నడిచేది. ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి అక్షరాలు కనిపించేవి. ఫాంట్ డౌన్‌లోడ్ చేసుకుని చదివేవాళ్లం. అప్పట్లో తెలుగు సైట్లలో చాలావాటిది ఇదే పరిస్థితి. ఒక సైట్ అక్షరాలు ఇంకో సైట్‌లో పనికిరావు, సెర్చ్‌లో దొరకవు. తర్వాత అందరూ యూనికోడ్‌కి వచ్చారు కాబట్టే ఇవాళ మీరు ఈ ఆర్టికల్‌ని ఏ ఫోన్లో తెరిచినా డబ్బాలు కాకుండా అక్షరాలు కనిపిస్తున్నాయి.

ఈలోగా చైర్మన్ ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నారు. ఈటీవీ పేరుతో ఇతర భాషల్లో నడుస్తున్న ఛానెళ్లను టీవీ18కి అమ్మే ఒప్పందం 2012లో జరిగింది, 2014లో పూర్తయింది. ఆ కొనుగోలు వెనక రిలయన్స్ డబ్బు ఉంది. ఈటీవీ కన్నడ లాంటివి తర్వాత కలర్స్‌గా మారాయి, వార్తా ఛానెళ్లు న్యూస్18 అయ్యాయి. తెలుగు ఛానెల్ మీద అదుపు మాత్రం వదులుకోలేదు. ఫోన్ కంపెనీలు నష్టం వచ్చే దేశాల నుంచి తప్పుకుని, బలమున్న మార్కెట్‌ను పట్టుకుని ఉండటం మనకు తెలిసిందే. ఇదీ అలాంటిదే.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక లెక్క మొత్తం మారిపోయింది. రోజుకో జీబీ డేటా అంటే బాయి పని చేసే మనిషి కూడా సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకునే ముందు వీడియో చూడొచ్చు. 2019లో, ఎనభై రెండేళ్ల వయసులో, రామోజీరావు ఈటీవీ భారత్ మొదలుపెట్టారు. ఒకే యాప్, 13 భాషలు, రాష్ట్రాలవారీగా వార్తలు. అమ్మేసిన ఛానెళ్ల భాషలన్నిటికీ ఫోన్ దారిలో మళ్లీ చేరడం అన్నమాట. నాకు ఈయన కెరీర్‌లో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. ఆ వయసులో చాలామందికి కొత్త ఫోన్లో అలారం పెట్టడమే కష్టం.

ఆ తర్వాత ఓటీటీ కోసం ఈటీవీ విన్. 2024 జనవరిలో వచ్చిన నైన్టీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ సిరీస్‌తో ఆ యాప్ పేరు కుర్రాళ్లకు కూడా తెలిసింది. శివాజీ చేసిన ఆ లెక్కల మాస్టారు, ఖర్చు పెట్టాలంటే ఆలోచించే ఆ ఇల్లు, మా క్వార్టర్లో ఉన్నట్టే అనిపించింది. మళ్లీ అదే కస్టమర్, అదే మధ్యతరగతి ఇల్లు. స్క్రీన్ సైజే మారింది.

ఒక్క చోట మాత్రం ఏ యాప్ పనిచేయదు, భూగర్భ గనిలో. మీథేన్ ఉండే చోట నిప్పురవ్వ ప్రమాదం కాబట్టి మామూలు ఫోన్లు లోపలికి తీసుకెళ్లకూడదు. ఫోన్ పైనే వదిలి క్యాప్ ల్యాంప్ పెట్టుకుని దిగుతారు. ఎనిమిది గంటల తర్వాత పైకొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట చూసేది మిస్డ్ కాల్స్. తర్వాత వార్తలు. ఆ రెండో స్థానం కోసమే ఇన్ని కంపెనీల పోటీ.

మైనస్‌లు దాచిపెడితే అది రివ్యూ కాదు

మొదటిది డబ్బు. మార్గదర్శి పేరుతో రెండు సంస్థలున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి చిట్‌ఫండ్ కంపెనీ. రెండోది మార్గదర్శి ఫైనాన్షియర్స్, హిందూ ఉమ్మడి కుటుంబం పేరుతో నడిచింది. ఈ రెండోది జనం నుంచి డిపాజిట్లు తీసుకోవడం రిజర్వు బ్యాంకు చట్టంలోని 45ఎస్ సెక్షన్‌కు విరుద్ధమని 2006లో అప్పటి ఎంపీ ఉండవల్లి అరుణ్ కుమార్ ఫిర్యాదు చేశారు. సుమారు 2,600 కోట్ల డిపాజిట్ల మాట. డిపాజిటర్లకు తిరిగి చెల్లించామని సంస్థ వాదించింది. 2018 డిసెంబరు 31న ఉమ్మడి హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, మళ్లీ విచారించమని తెలంగాణ హైకోర్టుకు పంపింది. చిట్‌ఫండ్ మీద 2023లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ విడిగా కేసులు పెట్టింది, ఆయన్ని ఇంట్లోనే ప్రశ్నించింది. రాజకీయ కక్ష అని సంస్థ చెప్పింది. ఇదీ రికార్డు. ఏ వైపు మీకు నమ్మకముందో మీ ఇష్టం, కానీ రెండు వైపులూ తెలిసి ఉండాలి.

రెండోది రాజకీయం. 1982లో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో గెలవడంలో ఈనాడు పాత్ర చిన్నది కాదు. 1995లో ఎన్టీఆర్‌ను దించి చంద్రబాబు వచ్చినప్పుడు పత్రిక ఎటువైపు ఉందో కూడా అందరికీ తెలుసు. 1992 సారా వ్యతిరేక ఉద్యమంలో పల్లె ఆడవాళ్ల పోరాటానికి రోజూ పేజీలు ఇవ్వడం గొప్ప పని. అదే శక్తి ఒక పార్టీ వైపు మొగ్గినప్పుడు మిగతావాళ్లకు ప్రశ్న వస్తుంది. ఫోన్ కంపెనీ తన యాప్ స్టోర్‌లో తన యాప్‌నే పైన చూపిస్తే మనం అడుగుతాం కదా, ఇదీ అంతే.

మూడోది మాకు దగ్గరిది. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు సింగరేణి కార్మికులు బాయి దిగలేదు. జీతాలు లేకుండా వారాలు గడిచినయ్. ఆ రోజుల్లో మా హోటల్లో పేపర్ చేతికి తీసుకున్న ప్రతివాడూ ముందు చూసింది తెలంగాణ వార్త ఏ పేజీలో, ఎంత సైజులో వేశారనే. ఆంధ్రా మీడియా అన్న మాట అప్పుడు రోజూ వినపడేది. ఉద్యమంలో ఫిల్మ్ సిటీని నాగళ్లతో దున్నిస్తామన్న మాట కూడా వినపడింది. తర్వాత 2014 డిసెంబరులో ముఖ్యమంత్రిగా కేసీఆర్ ఫిల్మ్ సిటీకి వెళ్లి మెచ్చుకున్నారు. 2024లో ఆయన పోయినప్పుడు తెలంగాణ ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది.

ఆ సమ్మె రోజుల్లో నేను బాపుని అడిగిన: "ఇంత కోపముంటే పేపర్ ఎందుకు బంద్ చెయ్యవు బాపు?" ఆయన చెప్పింది ఇది: "మనకాడ రేపు ఏమైతదో గా జిల్లా పేజీలనే తెలుస్తది. కోపం నాకున్నది గని, వార్త ఇడిసిపెడితే నేనే గుడ్డోన్నయిత." ఒక ప్రొడక్టు మీద అంతకన్నా నిజాయితీ ఉన్న యూజర్ రివ్యూ నేను ఇప్పటిదాకా చదవలేదు.

ఇప్పుడు మీ ఫోన్‌తో దీనికేం పని?

చాలా ఉంది. అప్పుడు చిట్టీ ఎత్తేసి పోవాలంటే మనిషి ఊరు విడవాలి. ఇప్పుడు యాప్ డిలీట్ చేస్తే చాలు. మా ఏరియాలో కుర్రాళ్ల ఫోన్లు రిపేరుకు వచ్చినప్పుడు చూస్తుంటా, లోన్ యాప్‌లు మూడు నాలుగు ఉంటాయి. చిట్టీ యాప్‌లు కూడా వస్తున్నాయి. కాబట్టి డబ్బు పెట్టేముందు, తీసుకునేముందు ఇవి చూడండి:

- చిట్టీ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ చిట్స్ దగ్గర అనుమతి ఉందా? ఏ గ్రూపులో చేరుతున్నారో ఆ గ్రూపుకే ఉండాలి. చిట్టీ మొత్తానికి సమానమైన డబ్బు నడిపేవాళ్లు సెక్యూరిటీగా పెట్టాలన్నది చట్టం.
- లోన్ యాప్ అయితే వెనక ఉన్న బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ పేరు ఏంటి? ఆ పేరు రిజర్వు బ్యాంకు సైట్‌లో ఉందా?
- కాంటాక్ట్స్, గ్యాలరీ, కాల్ లాగ్ పర్మిషన్ అడుగుతోందా? రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అవి అడగకూడదు. అడిగితే అక్కడే ఆపేయండి.
- మొత్తం ఖర్చు ఎంతో చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చారా?
- మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. డిపాజిట్ల మోసం అయితే రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

పెద్ద పేరు ఉంది కదా అని చూడకుండా వదిలేయొద్దు. అలాగే పేరు లేదని తీసిపారేయొద్దు. కాగితం చూడండి.

ఫైనల్ వెర్డిక్ట్

ప్లస్‌లు: కస్టమర్ ఎవరో 1962లోనే అర్థం చేసుకుని చివరిదాకా వాళ్లను వదల్లేదు. తెలుగులో చదివే, చూసే అలవాటును పెంచాడు. పేపర్, టీవీ, ఫోన్, మూడు తరాల స్క్రీన్‌లకూ మారాడు. వేలమందికి పని నేర్పాడు.

మైనస్‌లు: డిపాజిట్ల కేసు ఆయన బతికుండగా తేలలేదు. రాజకీయ మొగ్గు మీద ప్రశ్నలు పోలేదు. తెలంగాణ గొంతు ఆయన తెర మీద తన యాసలో వినిపించడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు గ్రూపును పెద్దకొడుకు కిరణ్, మార్గదర్శిని కోడలు శైలజా కిరణ్ చూస్తున్నారు. చిన్నకొడుకు సుమన్ 2012లోనే పోయాడు. ఇకముందు ఆ గ్రూపుకు పోటీ ఇంకో పేపర్‌తోనో, ఇంకో ఛానెల్‌తోనో మాత్రమే కాదు. మీ బొటనవేలు కింద జరిగిపోయే ముప్ఫై సెకన్ల రీల్‌తో కూడా.

స్టార్ రేటింగ్ అడుగుతారని తెలుసు. మనిషికి స్టార్లు ఇవ్వను. వాడొచ్చా అంటే, వాడొచ్చు. ఈయన కథలోని అన్నిటికన్నా పనికొచ్చే ఫీచర్ ఒకటుంది: పొద్దున్నే, అందరికన్నా ముందు, వాళ్ల భాషలో, వాళ్ల గుమ్మం దగ్గర ఉండటం. యాప్ తయారుచేసే తెలుగు కుర్రాళ్లు ఎవరైనా చదువుతుంటే, శ్రీరాంపూర్ లాంటి ఊళ్లలో, మా యాసలో, షిఫ్ట్ దిగొచ్చిన మనిషికి పనికొచ్చే యాప్‌కు ఇప్పటికీ చోటు ఖాళీగానే ఉంది. చేస్తే పంపండి, మొదటి రివ్యూ నేనే రాస్తా.